జనానా పర్దా తాడు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా మనవరాలు స్రవంతి, టీవీ మీద ఎండ పడుతోందని ముందుగదిలో కిటికీ పర్దా లాగింది. ఇనుప కమ్మీ మీద రింగులు సర్రున జారాయి. వంటింట్లో చింతపండు పిసుకుతున్న నా కుడిచెయ్యి దానంతటదే బిగుసుకుంది. పులుసు వేళ్ల సందుల్లోంచి చీర మీదికి కారింది. చుక్క పులుసు కూడా వృథా పోనిచ్చే మనిషిని కాను నేను. అందుకే కోడలు వింతగా చూసింది. ఏం చెప్పను? ఆ చప్పుడు చెవిన పడితే చాలు, నా చేతిలో తాడు ఉన్నట్టే ఉంటుంది. నా పక్కన జైతూన్ ఖాలా నిలబడి చెవి గోడకు ఆనించి వింటున్నట్టే ఉంటుంది.

ఇప్పటి పిల్లలకు సినిమా హాల్లో జనానా అంటే తెలియదు. పాతబస్తీ టాకీసుల్లో ఆడవాళ్లకు వేరే చోటు ఉండేది. మా టాకీసు పత్తర్‌గట్టికి కాస్త అవతల, ఇప్పుడు పెళ్లి బట్టల దుకాణాలున్న చోట ఉండేది. మేడ మీద ఒక పక్కను చెక్కగోడతో వేరుచేసి, పక్కసందులోంచి ఆడవాళ్లకే మెట్లు పెట్టారు. ముందువైపు పొడుగునా మందపాటి ముదురెరుపు పర్దా. హాలు చీకటి అయ్యాక పర్దా తెరిచేవాళ్లు. లైట్లు వెలిగే ముందు మూసేవాళ్లు. ఆ చీకట్లో బురఖాలు విప్పి మేకులకు తగిలించి ఆడవాళ్లు కాళ్లు చాపుకొని కూర్చునేవారు. మా పాలవాడ గౌలిపుర ఆడవాళ్లు పిల్లలకు పాలిచ్చేవారు, కొత్త కోడళ్లు అత్త పక్కనే కూర్చుని కూడా పగలబడి నవ్వేవారు. సొంత ఇంట్లో లేని హాయి ఆ చెక్కగోడల మధ్య ఉండేది. కింద నేల నుంచి కుర్చీల దాకా అంతా మగవాళ్లే. ఈ రెండు లోకాలకూ మధ్య ఆ పర్దా ఒక్కటే అడ్డం. దాన్ని లాగే తాడు, అందరం ఖాలా అని, అంటే పిన్నమ్మ అని పిలిచే జైతూన్ చేతిలో ఉండేది.

ఖాలా పొడుగ్గా, ఎముకల గూడులా ఉండేది. జనానాలోకి రాగానే నెత్తి మీది కొంగు తీసి నడుముకు దోపేది. అది ఆమె పనిలోకి దిగిన గుర్తు. ఒక చేతిలో రేకు టార్చి, ఇంకో చేతిలో తాడు. ఆమె గొంతు విన్న పసిపిల్లలు ఏడుపు మానేవారని చెప్పుకునేవారు, కానీ ఏమాటకామాటే, కొందరు ఆ గొంతుకే ఏడుపు మొదలుపెట్టేవారు.

నేను మూడో తరగతితో బడి మానేశాను. పాలవాళ్ల ఇంటి కోడలినై గౌలిపురకు వచ్చాను. టాకీసు చాయ్ దుకాణానికి పాలు పోయడం నా వంతు. నాకు నవ్వు తొందరగా రాదు, పరాచికాలు తెలియవు, ఎవరింట్లోనైనా దీపం ఊరికే వెలుగుతుంటే ఆర్పేస్తాను. మా అత్తమ్మ నన్ను ఎండుకట్టె అనేది. నలుగురిలోనూ అనేది. ఆ మాట లోపల గుచ్చుకునేది. నాలో ఏదో కొరత ఉందనే నేనూ నమ్మాను.

ఒకనాడు మ్యాట్నీ నడుస్తుండగా చాయ్ దుకాణం దగ్గర పాలు కొలుస్తున్నాను. హాలు తలుపు తెరిచే ఉంది. లోపల ఒక్కసారిగా ఈలలు, చప్పట్లు. చాయ్ పోసేవాడు, పాన్ కట్టేవాడు, టికెట్లు చింపేవాడు అందరూ తలుపులోకి తొంగిచూశారు. నేను పావు గిన్నె నుంచి కళ్లు తీయలేదు. పాలు నురగ కట్టినప్పుడు కన్ను పక్కకు పోతే కొలత పోతుంది. మెట్ల మీద నిలబడి ఖాలా అదంతా చూసిందట. దిగివచ్చి నా గడ్డం పట్టుకొని ముఖం అటూ ఇటూ తిప్పింది, సంతలో బర్రెను చూసినట్టు.

“నీ మెడ తిరగలె బిడ్డా,” అంది. “హాలంత లొల్లి అయితుంటె నీ మెడ తిరగలె. నాకు గసువంటి పిల్లే కావాలె.”

మా అత్తమ్మ ఒప్పుకోలేదు. సినిమా హాల్లో పనా, పరువు ఏం కావాలి అని కేకలు వేసింది. ఖాలా స్వయంగా గౌలిపురకు వచ్చి, మా పశువుల కొట్టంలో బోర్లించిన గంప మీద కూర్చొని, ఇచ్చిన మజ్జిగ నింపాదిగా తాగి, చివర్న ఒకే మాట చెప్పింది. “అక్కా, నీ కోడలు సినిమా చూడనీకి వస్తలేదు. చూడకుంట ఉండనీకి వస్తున్నది. చూసేటోళ్లు మస్తు మంది ఉన్నరు. చూడనోళ్లే కరువు.” అత్తమ్మ నన్ను ఎండుకట్టె అన్న నోటితోనే, పోయిరమ్మంది.

ఆ మాట అర్థం కావడానికి నాకు కొన్నాళ్లు పట్టింది. ఆ రోజుల్లో రీళ్లు ఊరూరా తిరిగి, అతుకుల మీద అతుకులతో మా టాకీసుకు వచ్చేవి. ఎప్పుడు ఎక్కడ తెగుతాయో తెలియదు. తెగితే కిందివాళ్లు కుర్చీలు విరగ్గొడతారని బొమ్మ వేసే మిషన్ గదివాళ్లు వెంటనే లైట్లు వేసేవారు. గంట ఉండదు, హెచ్చరిక ఉండదు. ఖాలా రాక ముందు ఒక మగమనిషి బయటినుంచి తాడు లాగేవాడట. అతను సినిమా చూస్తూ మైమరచిన సమయంలో రీలు తెగింది. లైట్లు పడ్డాయి. పర్దా తెరిచే ఉంది. బురఖాలు మేకుల మీద, పాలు తాగే పిల్లలు ఒళ్లో, కింద మగవాళ్లందరి చూపూ పైకే. ఆ తర్వాత రెండు వాడల ఆడవాళ్లు సినిమా మొహం చూడలేదు. పంపేది లేదని పెద్దలు కట్టడి చేశారు. టాంగా నడిపే హుసేన్ భార్య జైతూన్ ముందుకొచ్చి తాడు తాను పడతానంటేనే మళ్లీ మెట్ల మీద ఆడవాళ్ల అలికిడి మొదలైంది.

అందుకే ఆమె కట్టుబాటు ఒక్కటే. తాడు పట్టినవాళ్లు తెర చూడకూడదు. తెరకు వీపు పెట్టి నిలబడాలి. చెవి మిషన్ గది గోడకు ఆనించి ఉంచాలి. రీలు తెగే ముందు మిషన్ చప్పుడు పలచబడుతుంది, పాట నాలుక మందమైనట్టు సాగుతుంది. ఆ సాగుడు వినగానే లాగాలి. లైట్లు వెలిగాక లాగితే లాగినట్టు కాదు. మొదట్లో ఆట మొదలవకముందు ఖాళీ హాల్లో నాచేత లాగించేది. ఆట నడుస్తున్నప్పుడు మాత్రం తాడు నాకు ముట్టనిచ్చేది కాదు. టార్చి పట్టుకొని సీట్లు చూపించడం, ఆట అయ్యాక ఊడ్వడం నా పని. వెనకాల కత్తుల యుద్ధం జరుగుతుంటే, పాటలకు గజ్జెలు ఘల్లుమంటుంటే, నా మెడ నరాలు లాగేవి. అయినా తిప్పలేదు.

ఒక్క సినిమా కూడా చూడకుండా ఖాలాకు ప్రతి సినిమా మీదా ఒక అభిప్రాయం ఉండేది. ఆమె చూసింది తెరను కాదు, చూసేవాళ్లను. ఇంటర్వెల్ తర్వాత కింద పడ్డ పల్లి పొట్టు తక్కువైతే మంచి సినిమా. శుభం పడకముందే బురఖాల కోసం చేతులు మేకుల వైపు పోతే పనికిమాలినది. ఏడుపు సినిమాల గురించి ఆమె లెక్క నాకిప్పటికీ గుర్తు. “హీరోయిన్ ఏడిస్తె ఏంది? పైసలిస్తరు, ఏడుస్తది. సీట్ల కూసున్నోళ్లకు ముక్కు కారాలె. గప్పుడు నిజం సినిమా.” ఈ లెక్క నాకు బాగా వంటబట్టింది. ఓ మధ్యాహ్నం ఊడుస్తూ చూస్తే నేల అద్దంలా ఉంది, ఒక్క పొట్టు లేదు. ఖాలా, ఈ సినిమా ఏడాది ఆడుతుంది అన్నాను ఎంతో అనుభవం ఉన్నదానిలా. ఆమె గోడకు ఆనుకొని, దగ్గు వచ్చేదాకా నవ్వింది. “రంజాన్ నెలల పల్లీలు ఎవరు తింటరే పిచ్చిదానా? అందరు రోజాల ఉన్నరు.” ఆ సినిమా మరుసటి శుక్రవారమే మారిపోయింది.

హుసేన్‌ను నేను చూడలేదు. నేను పనిలో చేరేనాటికే ఆయన జ్వరంతో పోయాడు. అంతకుముందు ఎప్పుడో ఒక పొద్దున బొంబాయి సినిమావాళ్లు పత్తర్‌గట్టి రోడ్డు ఆపి, టాంగాలవాళ్లను అటూ ఇటూ నడవమన్నారట. ఆ సాయంత్రం హుసేన్ ఇంటికొచ్చి, సినిమాలో వేషం వేసింది తాను కాదు, తన గుర్రం అని చెప్పి నవ్వించాడట. ఆ సినిమా ఏళ్ల తరబడి ఆగిపోయింది. ఈలోగా మనిషి వెళ్లిపోయాడు. ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటి లేదు. ఫొటోకు పెట్టే పైసలతో గుర్రానికి శనగలు వస్తాయనేవాడట. ఆ మాట చెప్పినప్పుడు మాత్రం ఖాలా గొంతు కొంచెం తగ్గేది.

ఆ సినిమా చివరికి విడుదలై మా టాకీసుకే వచ్చింది. మొదటిరోజు మ్యాట్నీ ఇంటర్వెల్‌లో, ఖాలా పాత ఇంటి సందులో పెరిగిన మునీరా అనే గాజుల దుకాణం వారి కోడలు, సీట్ల మీదుగా దూకినంత పని చేసి వచ్చింది. “ఖాలా, మా హుసేన్ చాచా కనవడ్డడు. ఎర్ర తురాయి గుర్రం. నవ్వుకుంట పోయిండు ఖాలా, మొఖం గింత పెద్దగ.”

ఖాలా చేతిలో పర్దా తాడు అలాగే ఉంది. “బురఖా ఏస్కో బేటీ, బయటికి పోతున్నవు,” అంది, అంతే.

ఇక రోజూ అదే. హీరోయిన్ కారు దిగి గాజుల దుకాణం ముందు నిలబడుతుంది, పాట అయిపోతుంది, గిట్టల చప్పుడు వినిపిస్తుంది, టాంగా దాటిపోతుంది. ఊపిరి పీల్చి వదిలేంత సేపు. ఆ చోటు రాగానే జనానాలో ఆడవాళ్లందరూ తెర వైపు కాకుండా వెనక్కి తిరిగి ఖాలా వైపు చూసేవారు. ఆమె గోడ వైపు చూసేది. ఒకసారి టికెట్ కొని కూర్చోకూడదా అని నేనే అడిగాను. “నేను కూసుంటె తాడు ఎవరి చేతుల?” అంది. రాత్రి ఆటకు జనానా మూసేసేవారు. మగవాళ్ల మధ్యకు ఆమె పోదు. ఎంతమంది బతిమాలినా జవాబు మారలేదు. ఇక్కడున్న ఆడవాళ్లను నమ్మి కాదు, ఆ చేతిని నమ్మి ఇళ్లల్లో పెద్దలు పంపుతున్నారని ఆమెకు తెలుసు.

గురువారం వచ్చింది. మరునాడు సినిమా మారుతుంది. డబ్బాలు ఏ ఊరు పోతాయో, మళ్లీ వస్తాయో రావో ఎవరికీ తెలియదు. చివరి మ్యాట్నీ, జనానా కిక్కిరిసింది. పాట మొదలైంది. నేను సీట్ల మధ్య దారిలో టార్చి ఆర్పి నిలబడ్డాను. ఖాలా వైపు చూశాను. తాడు పట్టుకున్న చెయ్యి ఎప్పటిలాగే ఉంది. గోడకు ఆనించిన తల మాత్రం కొంచెం కిందికి వాలింది. ఇక చూడలేకపోయాను. వెళ్లి చెయ్యి చాచాను.

“ఖాలా, తాడు నాకియ్యి.”

ఆమె చీకట్లో నన్ను పరీక్షగా చూసింది. “మెడ తిరుగుతదా?”

“తిరగదు.”

“నా మీద జాలిపడి చెయ్యి ఆపుతవా?”

“ఆప.”

పాట సగం అయ్యేదాకా ఆలోచించింది. అప్పుడు తాడు నా అరచేతిలో పెట్టి, నా వేళ్లను ఒక్కొక్కటే ముడిచింది. మొదటిసారి తెర వైపు తిరిగింది. సినిమా వెలుగు ఆ ముఖం మీద పడగా చూడడం నాకూ అదే మొదలు.

నేను తెరకు వీపు పెట్టి, చెవి గోడకు ఆనించాను. పాట అయిపోయింది. ఆడవాళ్లలో వచ్చె, వచ్చె అని గుసగుస. ఎక్కడో దూరంగా గిట్టల చప్పుడు. ఖాలా గడ్డం పైకి లేచింది. సరిగ్గా అప్పుడే గోడ అవతల మిషన్ చప్పుడు పలచబడింది. గిట్టల చప్పుడు సాగింది.

ఆ ఒక్క ఊపిరి ఆపి ఉంటే ఆమె ఆయన్ను చూసేదేమో. నేను ఆపలేదు. తాడు గట్టిగా లాగాను. రింగులు సర్రున జారి పర్దా ఆమె కళ్ల ముందే మూసుకుపోయింది. ఆ వెంటనే అవతల లైట్లు భగ్గుమన్నాయి, ఈలలు, కుర్చీలు కొట్టే మోత. మా ఆడవాళ్లలో ఒక్కరి కొంగు అంచు కూడా ఎవరి కంటా పడలేదు.

ముందు మునీరాయే నోరు తెరిచింది. “నీకు దిల్ ఉన్నదా? ఇంకొంచెం సేపు ఆగితె ఏం పోయేది? కట్టెవు నువ్వు, కట్టెవు.” అత్తమ్మ పెట్టిన పేరు ఇక్కడికి కూడా నడిచి వచ్చిందనుకున్నాను. ఖాలా ఏమంటుందోనని చూశాను.

ఆమె పర్దా మీద అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది. కాసేపటికి ఇటు తిరిగింది.

“శభాష్ బిడ్డా,” అంది. తర్వాత మునీరాతో, “దాన్ని ఏమనకు. మీ చాచా ఏడికి పోతడే? పోయినోడు మళ్ల పోతడా? పర్దా మొదలు, చూసుడు తర్వాత.”

ఆ మాటకు ముందు ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత అందరూ నవ్వారు. ఏడుస్తూ నవ్వారు. పల్లీలు నమిలే శబ్దం ఎక్కడా లేదు.

రీలు అతికి మళ్లీ వేయడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. అతికేటప్పుడు పాడైన ముక్క కత్తిరించి పారేస్తారు. ఆ ముక్కలో ఆయన ఉంటే, ఇక అంతే. ఆ భయం అందరికీ ఉంది. హాలు చీకటైంది. నేను పర్దా తెరిచాను. అతికిన రీలును అసలు నమ్మకూడదని ఖాలా చెప్పేది, అందుకే తాడును ఇంకా బిగించి పట్టుకున్నాను. వెనకాల గిట్టల చప్పుడు మళ్లీ మొదలైంది, ఈసారి దగ్గరగా. నేను తిరగలేదు. ఖాలా ముఖం ఒక్కటే చూస్తున్నాను.

ఆమె నడుముకు దోపుకున్న కొంగును తీసి, నెమ్మదిగా తల మీదికి లాక్కుంది. పొద్దుగూకి మగడు ఇంటికొచ్చి గడపలో చెప్పులు విడిచినప్పుడు మా ఇళ్లల్లో ఆడవాళ్లు లాక్కునేట్టు. ఆయన వచ్చి వెళ్లాడని నాకు అట్లా తెలిసింది.

ఆమె మళ్లీ తాడు అడుగుతుందనుకున్నాను. అడగలేదు. మూలన ఉన్న స్టూలు మీద కూర్చొని మిగతా సినిమా అంతా గోడ వైపే చూసింది. ఆ రోజు నుంచి మ్యాట్నీ తాడు నాది. కొన్నాళ్లకు రెండు ఆటలూ నావే అయ్యాయి. మెట్లెక్కే కొత్త కోడళ్లతో వాళ్ల అత్తలు నన్ను చూపించి, సత్తెమ్మ ఉన్నది, ఫికర్ లేదు అనేవారు. మా అత్తమ్మ ఎండుకట్టె అనడం మానలేదు. కానీ ఆ మాటకు నేను తల ఎత్తుకొని నిలబడటం నేర్చుకున్నాను. పొయ్యిలోకి కావలసింది ఎండుకట్టే కదా.

తర్వాత టీవీలు వచ్చాయి. మా వాడలో ఒకరింట్లో పెట్టెను కొన్నారు. ఆదివారం సాయంత్రం సినిమాకు ఆడవాళ్లంతా అక్కడ చాపల మీద కూర్చునేవారు. చెక్కగోడ అక్కర్లేదు, పర్దా అక్కర్లేదు. ఖాలా ఒక్కసారి చూడడానికి వచ్చి, తెర వైపు కాక జనం వైపే కూర్చుంది. “ఇంట్ల సినిమా అంటె బియ్యం ఏరుకుంట చూస్తరు, పోరగాళ్లను కొట్టుకుంట చూస్తరు,” అంది బయటికొచ్చాక. “సుకూన్‌గ, నిమ్మళంగ కూసోని ఏడ్చేదెప్పుడు?” నేటి సీరియళ్లు చూసినప్పుడల్లా ఆ మాట సరైనదనిపిస్తుంది. పాత్రలు ఏడుస్తూనే ఉంటాయి, చూసేవాళ్ల ముక్కు తడవదు.

ఖాలా పోయిన కొన్నాళ్లకు జనానా తీసేసి అందరికీ బాల్కనీ చేశారు. పర్దా బట్ట చీకిపోయింది, పారేశారు. తాడు నేను అడిగి తెచ్చుకున్నాను. ఈ ఇంట్లో ఇద్దరు పిల్లల ఉయ్యాల దానితోనే కట్టాం. ఇప్పుడు మిద్దె మీద బట్టలు ఆరేసుకుంటున్నాం. ఇంకా తెగలేదు.

మొన్న ఆదివారం పులుసు మరక కడుక్కొని వచ్చి ఇదంతా చెప్పాను. స్రవంతి ఫోనులో వెతికి వెతికి ఆ సినిమా పట్టుకుంది. టీవీలో పెట్టి, సరిగ్గా ఆ పాట దగ్గరికి జరిపి, “నానమ్మా, వస్తుంది, రా, ఇన్నేళ్లకు చూద్దువు గానీ,” అని తన పక్కన చోటు చూపించింది.

పెట్టమన్నాను. పీట తెచ్చుకొని టీవీకి వీపు పెట్టి, వాళ్లకు ఎదురుగా కూర్చున్నాను. కొడుకు, కోడలు, స్రవంతి, వరుసగా. పాట అయిపోయింది. గిట్టల చప్పుడు వచ్చింది. వాళ్ల ముఖాల మీద వెలుగు కదిలింది.

“ఎర్ర తురాయి,” అంది స్రవంతి. “నానమ్మా, నవ్వుతున్నడు. తిరిగి చూడు.”

“తెలుసు,” అన్నాను. నా కుడిచెయ్యి ఒళ్లో పిడికిలి బిగించే ఉంది.